చిన్న ఇత్తడి కుంది: కొనేటప్పుడు చూడాల్సినవి, వెలిగించాక అది నేర్పేవి

రోజూ సంధ్యవేళ ఇంట్లో దీపం పెట్టుకోవాలనుకునేవాళ్లకు మా సలహా ముందే చెప్పేస్తాం: 4 నుంచి 6 అంగుళాల ఎత్తున్న సాదా ఇత్తడి కుందుల జత తీసుకోండి. నూనె పోసే ప్రమిద వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. ముఖం ఒకటి చాలు. పైన హంసలు, నెమళ్లు, గంటలు అక్కర్లేదు. కొట్లో అవి కళకళలాడతాయి గానీ, రెక్కల సందుల్లో నూనె జిడ్డు చేరాక ఆ కష్టమేమిటో తోమేవాళ్లకే తెలుస్తుంది.

ఈ సలహా వెనక ఒక నమ్మకం ఉంది. దీపారాధన అగ్గిపుల్ల గీసే అర నిమిషంతో అయిపోదు. నూనె కొలిచి పోయడం, వత్తి సరిచేయడం, మధ్యలో ఎగదోయడం, కొండెక్కాక మసి తుడవడం, వారానికోసారి తోమి ఆరబెట్టడం, ఇవన్నీ అందులో భాగమే. ఓర్పు, కొలత, శ్రద్ధ అనేవి ఇలాంటి చిన్న పనుల దగ్గరే చేతికి అలవాటవుతాయి. అందుకే నగిషీని పక్కనపెట్టి, ఈ పనులకు ఏ కుంది ఎంత అనువుగా ఉంటుందన్న దాన్నిబట్టే మంచి చెడ్డలు చెబుతున్నాం. మోయలేనంత చాకిరీ పెట్టే కుంది రెండు నెలలు తిరక్కుండా అటకెక్కుతుంది. అసలు చాకిరీయే లేని దీపంతో మనకు ఒరిగేదీ ఏమీ లేదు.

హైదరాబాద్ బేగంబజార్లోనైనా, మీ ఊరి ఇత్తడి సామాన్ల కొట్లోనైనా సాదా కుందులు తూకానికే అమ్ముతారు. పనితనం ఎక్కువున్న వాటికి మజూరీ కలుపుతారు. వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి. ఇత్తడి రాగి, జింకు కలిసిన లోహం కాబట్టి దానికి అయస్కాంతం పట్టదు. పట్టిందంటే అది ఇనుము మీద పూత. పట్టకపోయినా తొందరపడొద్దు, లోపల అల్యూమినియమో మరో తెల్ల లోహమో ఉండొచ్చు. కుందిని తలకిందులు చేసి పాదం లోపలి గరుకు భాగం చూడండి. అక్కడా పసుపు రంగే కనిపిస్తే నిశ్చింతగా ఉండొచ్చు.

రెండోది వార్నిష్ పూత. షోకేసులో నల్లబడకుండా కొన్ని కుందులకు పారదర్శకమైన పూత వేస్తారు. అలంకారానికి బాగానే ఉంటుంది గానీ, వెలిగించే కుందికి మాత్రం పనికిరాదు. మంట తగిలేచోట గోధుమరంగుకు తిరిగి పొక్కులు లేస్తుంది, చింతపండుతో తోమితే అక్కడక్కడ ఊడి మచ్చలు పడతాయి. తడి వేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. పూతలేని ఇత్తడి వేలికి లోహపు వాసన అంటిస్తుంది, పూత ఉంటే ఏ వాసనా రాదు. కొట్టువాణ్ని సూటిగా అడిగినా చెబుతాడు.

ఎక్కడ తయారైందన్నది రోజువారీ కుంది విషయంలో అంత పెద్ద సంగతి కాదు. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ సరుకు అన్ని ఊళ్లలోనూ దొరుకుతుంది. మన దగ్గర తణుకు ప్రాంతంలోని అజ్జరం, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనికి పేరున్న ఊళ్లు, అటు వెళ్తే చూడొచ్చు. జనగామ జిల్లా పెంబర్తి పేరు ఎక్కువగా రేకు మీద నకాషీ పనితో వచ్చింది. ఆ పని గుమ్మానికి, గోడకు ఎంత అందమో చెప్పక్కర్లేదు, కానీ రోజూ చింతపండు రుద్దే వస్తువు మీద వద్దు.

ఇక అసలు పరీక్ష. కుందికి నాలుగు భాగాలు: పాదం, కాడ, ప్రమిద, వత్తి ఆనే ముక్కు. చాలా కుందుల్లో పాదం, కాడ, ప్రమిద విడివిడిగా చేసి మరలతో బిగిస్తారు. తోమడానికి విప్పుకోవచ్చు కాబట్టి అది మంచిదే. అయితే ప్రమిద అడుగున రంధ్రం చేసి మర ఎక్కించిన రకంలో ఆ కీలు నుంచి నూనె కారుతుంది. ప్రమిద అడుగు రంధ్రం లేకుండా ఒకే ముక్కగా ఉండి, దాని కిందివైపు మర ఉన్న రకమే అడగండి. పోతపోసేటప్పుడు గాలి బుడగలు నిలిచిపోతే సూదిమొనంత బెజ్జాలు కూడా మిగులుతాయి, వాటి నుంచీ నూనె చెమరుస్తుంది. కొట్లో నీళ్లు పోసి చూపిస్తారు, దాన్ని నమ్మొద్దు. నీరు నిలిచిన సన్నని సందులోంచి నూనె మెల్లగా పాకి బయటికొస్తుంది. ఇంటికి తెచ్చాక నూనె పోసి, కింద పాత పేపరు పరిచి, రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి కాగితం మీద నూనె మరక కనిపిస్తే మార్చుకోండి. ఈ మాట కొనేటప్పుడే అనుకుని ఉంటే తర్వాత పేచీ ఉండదు.

పాదం వెడల్పు కుంది ఎత్తులో కనీసం సగం ఉండాలి. చీర కొంగు తగిలినా, పిల్లాడి చెయ్యి తగిలినా ఒరిగిపోకూడదు. పొడుగ్గా, సన్నగా ఉన్న కుందులు పండగల్లో పెద్దవాళ్లు దగ్గరుండి వెలిగించుకోవడానికి, రోజూ వెలిగించడానికి కాదు.

లోతు తక్కువ ఉండాలని ఎందుకన్నామంటే, నూనె వత్తి పోగుల గుండా తనంతట తానే పైకి పాకాలి. కిరోసిన్ పలుచన కాబట్టి లాంతరు వత్తిలో చాలా ఎత్తుకు పాకుతుంది. నువ్వుల నూనె, ఆముదం చిక్కన. నూనె మట్టానికీ మంటకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్లు దాటితే మంటకు సరిపడా అందదు. లోతైన ప్రమిదలో పైన నిండుగా ఉన్నంతసేపూ బాగా వెలిగిన దీపం, సగం నూనె మిగిలుండగానే నీరసపడేది ఇందుకే. వెడల్పాటి ప్రమిదలో నూనె ఖర్చయినా మట్టం ఒక్కసారిగా పడిపోదు. దగ్గర్లో ఉన్న కాస్త నూనె, అందనంత లోతులో ఉన్న బోలెడు నూనె కంటే దీపానికి ఎక్కువ అక్కరకొస్తుంది. పుణ్యక్షేత్రానికి వెళ్లినప్పుడు చేసే పెద్ద పూజకూ, ఇంట్లో రోజూ కూర్చునే పది నిమిషాలకూ ఉన్న తేడా కూడా ఇదేనని మా అభిప్రాయం.

వత్తి దగ్గర చాలామంది చౌకలో పోతారు. రెడీమేడ్ పొట్లాల్లో కొన్నిట్లో పాలిస్టర్ కలుస్తోంది. ఒక వత్తిని పొడిగానే పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. అచ్చమైన పత్తి కాగితం కాలిన వాసనతో కాలి, వేళ్ల మధ్య నలిగే మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిసినది ముడుచుకుపోయి గట్టి నల్ల పూస మిగులుస్తుంది. కుందిలో అదే పూస వత్తి కొసన చేరి నూనె దారి మూసేస్తుంది. ఇంట్లో చేసుకోదలిస్తే గింజ తీసిన పత్తి తెచ్చి, వేళ్లకు కాస్త విభూతి రాసుకుని పేనండి, పోగు జారకుండా వస్తుంది. మూడు నాలుగు అంగుళాల పొడవు, అగ్గిపుల్ల కంటే కొంచెం లావు సరిపోతుంది. రెండు పోగులు కలిపి ఒక వత్తిగా వేసే ఆచారం మన ఇళ్లలో ఉంది. అది వెలుగుకూ మేలే, ఒక పోగు మసి పట్టినా రెండోది నూనె అందిస్తుంది. మరీ గట్టిగా పేనితే నూనె ఎక్కదు, మరీ వదులైతే మంట ఎగసి పొగ వస్తుంది. వానాకాలంలో వత్తుల పొట్లం మూతున్న డబ్బాలో ఉంచాలి, తేమ పట్టిన వత్తి చిటపటలాడుతూ నూనె చిందిస్తుంది.

నూనె విషయంలో మా ఓటు మామూలు వడకట్టిన నువ్వుల నూనెకు. గానుగ నూనె మంచిదేగా అంటారు. తినడానికి మంచిదే, కానీ అందులో తేలే సన్నని మడ్డి వత్తి పోగుల్లో ఇరుక్కుంటుంది. వాడదలిస్తే సీసాను నాలుగైదు రోజులు కదపకుండా ఉంచి పైన తేరుకున్న నూనె మాత్రమే వంచుకోండి. ఆముదం నెమ్మదిగా పాకుతుంది, ఒంటిగా కంటే నువ్వుల నూనెలో పావు వంతు కలిపితే బాగుంటుంది. ఆవునెయ్యి దీపం చూడముచ్చటగా ఉంటుంది, కానీ చలికాలంలో నెయ్యి పేరుకుని వత్తికి అందదు. కరిగించిన నెయ్యిలో వత్తిని ముందుగా పూర్తిగా నానబెట్టి, చిన్న ప్రమిదలోనే వెలిగించాలి, అప్పుడు మంట వేడికి చుట్టూ ఉన్నది కరుగుతూ వస్తుంది. కొబ్బరి నూనె కూడా 24 డిగ్రీల దిగువకు వస్తే గడ్డకడుతుంది. "దీపం నూనె" పేరుతో వచ్చే సీసాల్లో రకరకాలున్నాయి. లేబుల్ మీద ఏయే నూనెలు కలిపారో రాయనిది కొనొద్దు. ఘాటైన పరిమళం ఉన్నది మూసిన గదిలో తలనొప్పి తెప్పిస్తుంది. వంటకు వాడేసిన నూనె సంగతి చెప్పేపని లేదు, అందులోని పిండి రేణువులు మాడి కంపు కొడతాయి.

ఎంత పోయాలి? సన్నని వత్తి గంటకు సుమారు ఒక టీస్పూన్, అంటే 5 మిల్లీలీటర్లకు అటూ ఇటుగా తాగుతుంది. రెండు టీస్పూన్లు పోస్తే గంటన్నర పైనే నిలుస్తుంది. ప్రమిద అంచుదాకా నింపడం భక్తికి గుర్తని కొందరనుకుంటారు. నిండుగా పోసిన నూనె ముక్కు మీదుగా పాకి కాడంతా జిడ్డవుతుంది, పీటంతా జిడ్డవుతుంది, ఆ జిడ్డుకు మసి అంటుకుంటుంది. మీరు ఇంట్లో మెలకువగా ఉండి చూసుకోగలిగినంత సేపటికి సరిపడా పోయండి. చెంచా ఎత్తినప్పుడల్లా "ఇవాళ నేను ఎంతసేపు ఇక్కడ ఉండగలను" అని నిజాయితీగా లెక్కేసుకోవాల్సి వస్తుంది. సంకల్పం చెప్పుకోవడానికి ఇంతకంటే సూటి పద్ధతి మాకు తెలియదు.

వెలిగించే ముందు వత్తిని నూనెలో పూర్తిగా ముంచి, కొసను రెండు వేళ్లతో పిండి, ముక్కు మీద అర సెంటీమీటరుకు మించకుండా బయటికి లాగండి. మంట బొటనవేలి గోరంత ఎత్తులో, కదలకుండా, పొగ లేకుండా నిలవాలి. వత్తి ఎక్కువ బయటికొస్తే మంటకు అందే నూనె, దానికి దొరికే గాలి కంటే ఎక్కువవుతుంది. కాలకుండా మిగిలిన కర్బనమే మసిగా మారి పటాల అద్దాల మీద, గోడ మీద చేరుతుంది. దేవుడి గది పైకప్పు నల్లబడిందంటే నూనె చెడ్డదని తిట్టుకోకముందు వత్తి పొడవు చూడండి.

ఇక ఎగదోయడం. ఈ కుంది చేయించే పనుల్లో మాకు అన్నిటికంటే విలువైనది ఇదే. వెలిగించి పావుగంట, ఇరవై నిమిషాలయ్యాక దగ్గరగా కూర్చుని చూడండి. వత్తి కొసన మిరియపు గింజంత నల్లటి బొడిపె కడుతుంది. దాని చుట్టూ మంట చీలి, ఎర్రబడి, కొసనుంచి సన్నని పొగ తీగ లేస్తుంది. ప్రమిదలో నూనె ఉంటుంది, వత్తి తడిగానే ఉంటుంది, అయినా వెలుగు తగ్గుతుంది. ఇక్కడ చేసే తప్పేమిటంటే, వెంటనే మరో చెంచా నూనె పోయడం. మట్టం పెరిగి వత్తి మునిగి దీపం కొండెక్కుతుంది. చేయాల్సిందల్లా ఇత్తడి పుల్లతోనో, వాడని సూదితోనో ఆ బొడిపెను మెల్లగా గీరి పక్కకు తీసేసి, వత్తిని రెండు మిల్లీమీటర్లు ముందుకు జరపడం. కొన్ని క్షణాల్లోనే మంట మళ్లీ పసుపుపచ్చగా, నిటారుగా నిలబడుతుంది.

మనసు మందగించినప్పుడు కూడా మనం చేసేది ఆ చెంచా నూనె పనే. ఇంకో స్తోత్రం, ఇంకో ప్రవచనం, ఇంకో యాత్ర కలుపుకుంటూ పోతాం. పొద్దున ఇంట్లో ఎవరితోనో అన్న పెడసరి మాట, చెల్లించకుండా దాటేసిన చిన్న బాకీ, చెప్పకుండా మింగేసిన క్షమాపణ, అవి కొసన అలాగే కట్టుకుని ఉంటాయి. దీపం ముందు కూర్చున్న మనిషి వెలుగు తగ్గగానే "ఏం అడ్డుపడింది?" అని చూడటం రోజూ చేస్తుంటే, ఆ చూపు తన మీదికీ తిరుగుతుంది. పుల్ల చేతిలో ఉన్నంతసేపూ మెత్తగా ఉండాలన్నదీ అప్పుడే తెలుస్తుంది, గట్టిగా గీరితే మసితోపాటు వత్తీ ఊడి నూనెలో పడుతుంది.

కుంది పెట్టేచోటు గురించి. భగవద్గీత 6వ అధ్యాయం 19వ శ్లోకం గాలి తగలనిచోట కదలని దీపాన్ని యోగి మనసుకు పోలికగా చెబుతుంది. సీలింగ్ ఫ్యాన్ కింద పెట్టి ఆ నిశ్చలత్వం రావాలంటే రాదు. ఆ కాసేపు ఫ్యాన్ ఆపండి, లేదా మూలకు జరపండి. అలాగని నాలుగువైపులా మూసిన చెక్క మందిరంలో పెట్టడం ప్రమాదం. మంట పైన కనీసం రెండడుగుల ఖాళీ ఉండాలి, తెరలు, పూలదండలు, కాగితాలు పక్కన ఉండకూడదు. కుంది కింద అంచున్న ఇత్తడి పళ్లెం పెట్టండి. వెలుగుతుండగా నూనె పోయాల్సి వస్తే మంటకు వెనకవైపు నుంచి, ముక్కున్న చిన్న గిన్నెతో పోయాలి. నూనె మొత్తానికి మంట అంటుకుంటే నీళ్లు చల్లకండి, మంట చిందుతుంది. స్టీలు గిన్నె బోర్లించండి, గాలి అందక ఆరిపోతుంది. ఆ గిన్నె ఎప్పుడూ పక్కనే ఉండాలి. నిద్రపోయే ముందు, ఇంటికి తాళం వేసే ముందు వత్తిని నూనెలోకి నెట్టి కొండెక్కించడంలో ఏ దోషమూ లేదు. ఇంటి భద్రత చూసుకోవడమూ ధర్మమే.

తోమడం వారానికోసారి, చాలా ఇళ్లలో గురువారం సాయంత్రం. రోజూ పొడిబట్టతో మసి, మిగిలిన నూనె తుడిచేస్తే వారం పని పావుగంటలో అయిపోతుంది. వదిలేస్తే నూనె వేడికి, గాలికి గట్టిపడి గోధుమరంగు జిగురుపొరగా అంటుకుపోతుంది. వరస ముఖ్యం. ముందు జిడ్డు, తర్వాతే మెరుపు. జిడ్డు మీద చింతపండు రుద్దితే జారిపోతుందే తప్ప లోహానికి తగలదు. వేడినీళ్లు, కుంకుడు రసంతోనో శనగపిండితోనో జిడ్డు వదిలించండి. తర్వాత నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, చిటికెడు ఉప్పు కలిపి రెండు మూడు నిమిషాలు రుద్ది, వెంటనే కడిగేయండి. పులుపులో నానబెట్టి మరిచిపోతే ఇత్తడిలోని జింకు కరిగిపోయి, రాగి పైకి తేలి గులాబీరంగు మచ్చలు పడతాయి. పీతాంబరి లాంటి పొడులు వాడొచ్చు, మరల సందుల్లో పొడి మిగలకుండా చూసుకుంటే చాలు. ఇనుప పీచు మాత్రం వద్దు, గీతల్లో చిలుము త్వరగా చేరుతుంది. కడిగాక పొడిబట్టతో తుడిచి, విప్పిన భాగాలను ఎండలో పెట్టి, పూర్తిగా ఆరాకే బిగించండి. ఎంత తళతళలాడేలా తోమినా వారానికి మళ్లీ మందగిస్తుంది, మళ్లీ తోమాలి. విసుగు లేకుండా అదే పని మళ్లీ మొదలుపెట్టడం రాకుండా ఏ సాధనా సాగదు. గురువారం సాయంత్రాలు దానికి అభ్యాసం.

మిగతా రకాల గురించి క్లుప్తంగా. మట్టి ప్రమిదలు కార్తీకమాసానికి దివ్యంగా ఉంటాయి. వాడే ముందు నాలుగైదు గంటలు నీళ్లలో నానబెట్టి ఆరనిస్తే నూనె తక్కువ పీలుస్తాయి. రోజువారీ వాడకంలో త్వరగా జిడ్డుపట్టి అడుగున చెమరుస్తాయి. పంచముఖ కుంది ఐదు వత్తులకు ఐదింతలు నూనె, ఐదింతలు వేడి, పండగకు ఉంచుకోండి. కార్తీక పౌర్ణమికి వెలిగించే 365 వత్తుల కట్ట నేతిలో తడిసి ఒక్కసారిగా పెద్ద మంట లేస్తుంది, దాన్ని కుందిలో ఎప్పుడూ పెట్టకూడదు, వెడల్పాటి మట్టిమూకుట్లో ఆరుబయటే వెలిగించాలి. గాజు చిమ్నీ ఉన్న అఖండ దీపాలు గాలికి ఆగుతాయి గానీ, చిమ్నీ తుడవడం అదనపు పని. బ్యాటరీ దీపాలు, అద్దె ఇంట్లో మంట పెట్టకూడదన్న షరతు ఉన్న విదేశాల్లోని మనవాళ్లకూ, హాస్టల్ పిల్లలకూ తప్పనిసరి ఏర్పాటు. అలాంటివాళ్లు స్విచ్ వేసి వెళ్లిపోకుండా, వేళ పెట్టుకుని దాని ముందు కూర్చోవడం ఒక్కటి మానకుండా ఉంటే చాలు.

కొనేముందు ఒకసారి అటక మీద వెతకండి. అమ్మమ్మదో నానమ్మదో నల్లబడిన కుంది దొరికితే కొత్తది అక్కర్లేదు. పాత కుందులు తరచూ ఇప్పటివాటికంటే మందంగా ఉంటాయి. లీటరు నీళ్లకు ఒక చెంచా చాకలి సోడా వేసి పది నిమిషాలు మరిగిస్తే ఏళ్లనాటి జిగురు మెత్తబడుతుంది, చేతికి తొడుగు వేసుకుని కర్రపుల్లతో గీరేయండి. తర్వాత చింతపండు. కీలు కారుతుంటే ఇత్తడి పనివాళ్ల దగ్గర మాటు వేయించండి, మర అరిగితే కొత్త మర తీయించండి. పాత ఇత్తడి తూకానికిచ్చి కొత్తది తీసుకోమని కొట్లో చెబుతారు, ఇవ్వకండి. మాటు వేయించి తెచ్చుకున్నాక ఇక కొనాల్సినవి ఒక వత్తుల పొట్లం, అర లీటరు నువ్వుల నూనె.